విప్పి చూచినగాని తెలియదు

పరీక్ష అన్న మాట వినగానే విద్యార్థి గుండె ఝల్లుమంటుంది. అది సహజమే. కాని ఈ పత్రిక వెలువడుతున్న రెండు భాషలలోను ఆ మాటకు మూలార్థం ఏమిటో విచారించినవారు మనలో అరుదు. సంస్కృతం నుండి తెలుగులోకి వచ్చిన 'పరీక్ష' పదంలో 'పరి' అంటే అన్ని వైపులా, 'ఈక్ష' అంటే చూచుట. ఒక వస్తువును అన్ని ప్రక్కల నుండి త్రిప్పి త్రిప్పి చూడడమే పరీక్ష. ఉర్దూలో దానినే 'ఇమ్తిహాన్' అంటాము. అరబ్బీ నుండి వచ్చిన ఈ మాటకు, మన ఇళ్ళలో నిత్యం వినిపించే 'మెహనత్' అన్న మాటకు ధాతువు ఒక్కటే. కష్టానికి గురిచేసి నిగ్గు తేల్చడం దాని భావం. ఒక భాష చూపును చెప్పింది. మరొక భాష శ్రమను చెప్పింది. ఆ రెండూ కలిసినగాని పరీక్ష పూర్తికాదని మా అభిప్రాయం. ఈ అభిప్రాయం మాకు గ్రంథాల వలన కలిగినది కాదు. ఒక పాత డీజిల్ ఇంజను వాల్వు వలన కలిగినది.

మేము తెలుగు బోధించేవారము. ఇంజను మా శాస్త్రం కాదు. అయినా చెప్పదలచిన విషయం శాస్త్రజ్ఞులకు మాత్రమే పరిమితమైనది కాదు గనుక, చదువరులు ఓపికతో వినగలరని ఆశిస్తున్నాము.

మా బాల్యంలో, సుమారు పాతికేళ్ళ క్రిందట, మా చాచాగారికి నాగావళి ఒడ్డున కొద్దిపాటి పొలం ఉండేది. నీళ్ళు తోడడానికి అయిదు గుర్రాల శక్తి గల ఒక డీజిల్ ఇంజను ఉండేది. ఆ ఇంజను నడిచేటప్పుడు పైన టాపెట్లు టకటకమని చప్పుడు చేసేవి. ఒక ఏడాది ఆ చప్పుడు క్రమంగా తగ్గుతూ వచ్చింది. పొలం చూచే పెద్దాయన సంతోషంతో, "సప్పుడు తగ్గిపోనాది బావూ, ఇంజను సర్దుకున్నాది" అన్నాడు. చాచాగారూ సంతోషించారు. మేమూ సంతోషించాము. సరిగ్గా ఉభాల నాటికి ఇంజను మొరాయించింది. ఎంత బలంగా హ్యాండిల్ త్రిప్పినా అందుకోలేదు. నారు ముదిరిపోతుండగా పట్టణం నుండి ఒక ఉస్తాద్‌ను పిలిపించారు.

ఆయన వచ్చి హెడ్డు దించి, పొగ వెళ్ళే వైపు వాల్వును బయటకు తీసి మా చేతిలో పెట్టారు. పుట్టగొడుగు వంటి ఆ వాల్వు అంచున ఒక చోట గోరు పట్టేంత గాడి ఉన్నది. దీపం వత్తి ప్రక్కన రేకు కాలినట్లు ఆ లోహం కాలిపోయి ఉన్నది. "చప్పుడు తగ్గిందని సంతోషించారు గదా భాయ్ సాబ్, చప్పుడు తగ్గిన రోజే నన్ను పిలవవలసింది" అని ఆయన మా చాచాగారితో అన్న మాట మేము నేటికీ మరువలేదు.

చప్పుడు తగ్గితే చెడు ఎట్లా అవుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం తెలిసికొనడానికి మాకు చాలా కాలం పట్టింది. ఇంజనీరింగు చదివిన మిత్రులను అడిగి, షెడ్లలో నిలబడి చూచి, మేము గ్రహించినంత వరకు ఇక్కడ వివరిస్తాము.

ఇంజను తలలో వాల్వు కూర్చొనే చోటును సీటు అంటారు. వాల్వు ముఖం, సీటు రెండూ ఏటవాలుగా చెక్కబడి, ఒకదానితో ఒకటి సన్నని వలయాకారంలో కలుస్తాయి. వాల్వు కాడ ఒక గొట్టంలో పైకి క్రిందికి కదులుతుంది. దానిని గైడు అంటారు. కాడ చివర పైన, దానిని నొక్కే రాకరుకు నడుమ, మిల్లీమీటరులో పదింట రెండు మూడు వంతుల సందు విడుస్తారు. వేడికి కాడ సాగుతుంది గనుక ఆ సందు అవసరం. టాపెట్ల టకటక ధ్వని ఆ సందు నుండి వచ్చేదే.

ఇంజను నడిచిన కొద్దీ వాల్వు ముఖమూ సీటూ అరుగుతాయి. అరిగిన మేరకు వాల్వు సీటులోకి దిగిపోతుంది. క్రింద దిగబడిన మేరకు కాడ చివర పైకి జరుగుతుంది. అంటే అరుగుదల పెరిగేకొద్దీ పై సందు తగ్గుతుంది. సందు తగ్గేకొద్దీ చప్పుడు తగ్గుతుంది. చివరకు సందు పూర్తిగా పోయిననాడు రాకరు వాల్వును నిరంతరం కొద్దిగా నొక్కిపట్టి ఉంచుతుంది. వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చొనలేదు. పొగ వెళ్ళే వాల్వు ఆరేడు వందల డిగ్రీల వేడిలో పని చేస్తుంది. ఆ వేడిలో సుమారు నాలుగింట మూడు వంతులు సీటు ద్వారానే హెడ్డులోకి దిగి చల్లారవలసి ఉంటుంది. సీటు తాకకపోతే వేడి దిగే దారి లేదు. పైగా మండుతున్న వాయువు సన్నని సందులోంచి జ్వాలవలె దూసుకొని వచ్చి, లోహాన్ని కోస్తుంది. ఆ కోతయే మేము చూచిన గాడి. కనుక మా చాచాగారి ఇంజను శాంతించినది సుఖపడి కాదు. లోలోపల చచ్చిపోతూ శాంతించింది.

ఏ యంత్రమైనా, ఏ సంస్థ అయినా, నడుస్తున్నది గనుక బాగున్నది అనుకొనడం, చప్పుడు లేదు గనుక ఆరోగ్యంగా ఉన్నది అనుకొనడం గొప్ప పొరపాటు. విప్పి చూచినగాని తెలియదు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన మాట ఇంతే. మిగిలినదంతా దానికి వివరణ.

ఇంజన్లు తయారుచేసేవారు ఈ సత్యాన్ని ఎంతో కాలం క్రిందటనే గ్రహించారు. మన దేశంలో ఇంజన్ల పరీక్షకు ఐ.ఎస్. 10000 అనే ప్రమాణ గ్రంథం కలదు. దాని తొమ్మిదవ భాగం 1980లో వెలువడింది. అది ఓర్పు పరీక్షకు సంబంధించినది. దాని ప్రకారం ఇంజనును 16 గంటల చొప్పున 32 ఆవృత్తులు, అనగా మొత్తం 512 గంటలు నడపాలి. అదైనా తేలికగా కాదు. ప్రతి 16 గంటలలోను కొన్ని గంటలు నిండు బరువు మీద, కొన్ని గంటలు సగం బరువు మీద, ఒక గంట నిండు బరువునకు మరి పదోవంతు చేర్చి, ఒక అరగంట ఖాళీగా నడపాలి. మన పొలాలలోని ఇంజన్లు సాధారణంగా నిమిషానికి 1500 చుట్లు తిరుగుతాయి. ఆ లెక్కన ఒక్కొక్క వాల్వు నిమిషానికి 750 సార్లు, గంటకు 45,000 సార్లు తెరచుకొని మూసుకొంటుంది. 512 గంటలకు ఆ సంఖ్య రెండు కోట్ల ముప్పది లక్షల నలభై వేలు. ఇది కదా మెహనత్!

ఇంత శ్రమ చేసి నిలిచిన ఇంజనును చూచి, "నిలిచింది, ఉత్తీర్ణమైంది" అని కాగితం మీద సంతకం చేసి పంపివేయవచ్చు గదా? అట్లా చేయరు. 512 గంటలు ముగిసిన తరువాత ఇంజనును పూర్తిగా విప్పుతారు. ప్రతి భాగాన్నీ చూస్తారు, కొలుస్తారు. పరీక్షలో అసలు విద్య అక్కడే ఉన్నది.

ఆ కొలత వెనుక నాలుగు నియమాలు ఉన్నాయి. ఆ నాలుగూ విద్యార్థులు కంఠస్థం చేయదగినవి.

మొదటి నియమం: ముందు కొలవనిదే తరువాతి కొలతకు అర్థం లేదు. పరీక్షకు పూర్వమే వాల్వు కాడ మందాన్ని పైన, నడుమ, క్రింద, ప్రతి చోటా రెండు అడ్డుదిశలలో కొలిచి వ్రాసుకొంటారు. గైడు లోపలి వ్యాసం, సీటు వెడల్పు, హెడ్డు తలం నుండి వాల్వు ఎంత లోతున కూర్చొన్నది, స్ప్రింగు పొడవు, దాని బలం, ఇవన్నీ పుస్తకానికి ఎక్కుతాయి. కొలిచే మైక్రోమీటరు మిల్లీమీటరులో నూరవ వంతును చూపుతుంది. అది మన తల వెంట్రుక మందంలో ఆరేడవ వంతు. లోహం వేడికి పెరుగుతుంది గనుక ఏ వేడిమి వద్ద కొలిచారో కూడా చూచుకోవాలి. ప్రపంచమంతటా 20 డిగ్రీలను ప్రమాణంగా తీసుకొన్నారు. ఏ వాల్వు ఏ సిలిండరుకు చెందినదో గుర్తు వేస్తారు. గుర్తు పోయిన వాల్వు సాక్ష్యానికి పనికిరాదు.

రెండవ నియమం: తుడవక ముందు చూడాలి. వాల్వు మీద పేరుకొన్న మసి కూడా ఒక వ్రాత వంటిది. పొడి నల్లని మసి ఒక కథ చెబుతుంది. జిడ్డు పట్టిన మసి మరొక కథ చెబుతుంది. గాలి లోనికి వచ్చే వాల్వు వెనుక భాగాన గడ్డకట్టిన మసి కనబడితే, గైడు అరిగి నూనె క్రిందికి కారుతున్నదేమోనని అనుమానించాలి. అందుచేత మొదట ఫోటో తీసి, తరువాత తుడుస్తారు.

మూడవ నియమం: రుద్దక ముందు కొలవాలి. మన షెడ్లలో హెడ్డు దించగానే గ్రైండింగు పేస్టు పూసి, వాల్వును సీటు మీద గిరగిర త్రిప్పి రుద్దడం అలవాటు. బండి తొందరగా రోడ్డెక్కాలంటే అదే దారి. ఉస్తాదులను తప్పు పట్టలేము. కాని పరీక్ష దృష్టితో చూస్తే అది సాక్షి నోరు నొక్కడమే అవుతుంది. రుద్దిన తరువాత అన్ని వాల్వులూ ఒకేలా మెరుస్తాయి. ఏది ఎందుకు చెడిందో ఎవరూ చెప్పలేరు.

నాలుగవ నియమం: అంకెను కంటితోను, కంటిని అంకెతోను సరిచూడాలి. రెండు వాల్వులు సమానంగా అరిగి ఉండవచ్చు. ఒకదాని ముఖం మీద బూడిదరంగు వలయం ఎక్కడా తెగకుండా చుట్టూ సమంగా ఉంటుంది. దానికి భయం లేదు. అది వయస్సుతో వచ్చిన అరుగుదల. రెండవదాని వలయం ఒక ప్రక్క వెడల్పుగా, మరొక ప్రక్క దారం వలె ఉంటుంది. దానికి కాడ వంగి ఉండవచ్చు, లేక గైడు ఒరిగి ఉండవచ్చు. అంకె ఒక్కటే, జబ్బు వేరు. అట్లే కంటికి నున్నగా కనబడే కాడ, కొలిచి చూస్తే ఒక దిశలో అరిగి కోడిగ్రుడ్డు ఆకారం పొంది ఉండవచ్చు. రాకరు ప్రక్కకు త్రోయడం వలన అట్లా జరుగుతుంది. కన్ను దానిని పట్టలేదు.

ఈ విధంగా విప్పి చూచినందువలన లోకానికి ఎంత మేలు కలిగిందో రెండు మూడు ఉదాహరణలు చెబుతాము. మొదటి ప్రపంచ యుద్ధకాలంలోను, ఆ తరువాతి సంవత్సరాలలోను విమానపు ఇంజన్లలో వాల్వులు కాలిపోవడం పెద్ద బెడదగా ఉండేది. శామ్యూల్ హెరాన్ అనే ఇంజనీరు వాల్వు కాడను బోలుగా చేసి, అందులో సోడియం లోహాన్ని నింపే పద్ధతిని అభివృద్ధి చేశారు. వేడికి కరిగిన సోడియం లోపల అటూ ఇటూ కొట్టుకొంటూ, తల వేడిని కాడకు చేరవేస్తుంది. 1927 మే నెలలో లిండ్‌బర్గ్ న్యూయార్కు నుండి పారిస్ వరకు సుమారు ముప్పది మూడున్నర గంటలు ఒంటరిగా ఎగిరినప్పుడు, ఆయన విమానపు ఇంజనులో ఉన్నవి అటువంటి వాల్వులే. పత్రికలు వైమానికుని ధైర్యాన్ని కీర్తించాయి, కీర్తించదగినదే. కాని ఎందరో పరిశీలకులు కాలిన వాల్వులను చేతబట్టి, ఎందుకు కాలిందని అడిగి ఉండకపోతే ఆ ధైర్యం సముద్రం పాలయ్యేది.

మరొకటి సీసం కథ. 1921లో పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపితే ఇంజను కొట్టుకోవడం తగ్గుతుందని అమెరికాలో కనుగొన్నారు. ఆ సీసం సీటు మీద పలుచని పొరగా ఏర్పడి, వాల్వు అరుగుదలను కూడా ఆపుతూ వచ్చింది. అయితే సీసం మనుష్యులకు, ముఖ్యంగా పసిపిల్లల మెదడుకు విషం. దానిని తీసివేయక తప్పలేదు. తీసివేసినప్పుడు పాత ఇంజన్లలో సీట్లు త్వరగా అరిగి వాల్వులు దిగబడతాయని విప్పి చూచినవారే హెచ్చరించారు. గట్టి లోహపు సీట్లు అమర్చడం దానికి విరుగుడు. మన దేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుండి సీసం లేని పెట్రోలే అమ్మకంలోకి వచ్చింది. చిట్టచివరగా 2021లో అల్జీరియా మానివేయడంతో రోడ్డు వాహనాల పెట్రోలులో సీసం వాడకం ప్రపంచంలోనే ముగిసింది. విషం వదిలింది, ఇంజన్లూ నిలిచాయి. కొలత ఎరిగినవారు ఉండబట్టి కదా!

మూడవ ఉదాహరణ మన దేశానిదే. విత్తనాల నూనెతో డీజిల్ ఇంజన్లు నడపవచ్చునని ఉత్సాహపడిన రోజులలో, అవి ఇంజనును పాడుచేస్తాయని కొందరు, చేయవని కొందరు వాదించారు. ఢిల్లీలోని ఐ.ఐ.టి. పరిశోధకులు వాదనలోకి దిగలేదు. అవిసె నూనె నుండి తయారుచేసిన ఇంధనాన్ని నూటికి ఇరువది పాళ్ళు డీజిలులో కలిపి ఒక ఇంజనును, వట్టి డీజిలుతో మరొక ఇంజనును, పైన చెప్పిన 512 గంటలూ నడిపి, విప్పి కొలిచారు. మిశ్రమంతో నడిచిన ఇంజనులో చాలా భాగాల అరుగుదల తక్కువగా ఉన్నదని 2003లో ప్రకటించారు. వాదన ఎంత కాలమైనా సాగుతుంది. మైక్రోమీటరు ముందు అది నిలువదు.

ఇదంతా ఎక్కడో జరిగే సంగతి, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు దీనితో పని ఏమి అని అనుకొనేవారు ఉండవచ్చు. వారికి ఒక్క విషయం మనవి చేస్తాము. పొగ వెళ్ళే వాల్వులకు లోకమంతటా విరివిగా వాడే ఉక్కు ఒకటి ఉన్నది. దానిలో నూటికి సుమారు 21 పాళ్ళు క్రోమియం, 4 పాళ్ళు నికెలు, 9 పాళ్ళు మాంగనీసు ఉంటాయి. కొద్దిగా నత్రజని కూడా ఉంటుంది. ఆ నత్రజనిని ఉక్కులో పట్టి ఉంచడానికి, ఖరీదైన నికెలు అవసరాన్ని తగ్గించడానికి మాంగనీసు తోడ్పడుతుంది. ఆ మాంగనీసు ఖనిజాన్ని భారతదేశంలో మొదట త్రవ్వినది మన విజయనగరం సీమలోనే, 1892 ప్రాంతంలో. ఇక్కడి కోడూరు పేరు మీదుగానే భూగర్భ శాస్త్రజ్ఞులు ఒక శిలకు 'కోడురైట్' అని పేరు పెట్టారు. గరివిడిలో ఉక్కు మిశ్రమాలకు కావలసిన ఫెర్రో మాంగనీసు కర్మాగారం వెలసినది కూడా ఆ ఖనిజ బలం చేతనే. ఇటు చూస్తే హైదరాబాదులో రాణే సంస్థవారు ఇంజను వాల్వుల తయారీనే నెలకొల్పారు. మన్ను మనది, ఆ మన్నులోని లోహం ప్రపంచంలోని ఇంజన్లలో నిప్పును ఓర్చుకొంటున్నది. ఆ ఓర్పును కొలిచే విద్య మాత్రం మన పిల్లలకు అందలేదు.

అసలు అందలేదనడం కూడా పూర్తిగా న్యాయం కాదు. అది మన పట్టణాలలోని షెడ్లలో ఉన్నది. మన విద్యార్థులలో ఎందరో అటువంటి షెడ్లు నడిపే ఇండ్ల నుండి వచ్చినవారే. సాయంకాలం కళాశాల వదలగానే పుస్తకాలు ఇంట పెట్టి, నాన్నగారికో, మామూగారికో పానాలు అందించే పిల్లలను మేము ఎరుగుదుము. మరునాడు గోళ్ళలో నలుపు కనబడకుండా చేతులు డెస్కు క్రింద దాచుకొనేవారినీ ఎరుగుదుము. ఆ దాచుకొన్న చేతులను చూచినప్పుడల్లా, ఇది విద్యార్థి లోపమా, విద్యాలయ లోపమా అని మాకు బాధ కలుగుతుంది.

కిరోసిను పోర్టులో పోసి, వాల్వు అంచు నుండి చెమ్మ ఊరుతున్నదో లేదో చూచి, సీటు పట్టిందో లేదో చెప్పగల ఉస్తాదు మన ఊరిలోనే ఉన్నారు. నీలిరంగు పూసి వలయం చూడడం, ఫీలరు గేజి రేకు జారే తీరును బట్టి సందు గ్రహించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. కాని ఆయన దానిని వ్రాయలేదు. వ్రాయగలిగిన మనము దానిని చూడలేదు. శ్రీకాకుళం గడ్డ మీద పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాషను నేర్చుకొనడానికి సవరల వద్దకే వెళ్ళారు. వారి నోట విని వ్రాసికొన్నారు. వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. పండితుడు తెలిసినవాని వద్దకు నడచి వెళ్ళడంలో చిన్నతనం లేదని ఆ మహనీయుడు మనకు చూపించారు. సవర కొండల దాకా ఆయన నడిచారు. వీధి చివర షెడ్డు దాకా మనము నడవలేమా?

ఇక్కడ రెండు ఆక్షేపణలు రావచ్చు. విద్యుత్తు వాహనాలు వస్తున్న ఈ రోజులలో వాల్వుల గొడవ ఎందుకన్నది మొదటిది. బ్యాటరీ బండ్లు వస్తున్న మాట నిజమే, రావాలి కూడా. అయినా పొలంలోని పంపుసెట్లు, లారీలు, ట్రాక్టర్లు, సముద్రం మీది పడవల ఇంజన్లు ఒక్కనాటితో మాయం కావు. గ్యాసుతో నడిచే వాహనాలలో ఇంధనం పొడిగా ఉండడం వలన సీట్ల అరుగుదల మీద మరింత కన్ను వేయవలసి ఉంటుంది. అన్నింటికంటె ముఖ్యంగా, మేము అడుగుతున్నది వాల్వు విద్య మాత్రమే కాదు. ముందు కొలిచి, పని చేయించి, మళ్ళీ కొలిచే అలవాటు. బ్యాటరీనైనా ఎన్నో సార్లు నింపి, ఖాళీ చేసి, ఇంకా ఎంత శక్తి మిగిలి ఉన్నదో కొలిచే కదా దాని ఆయువు చెబుతారు. యంత్రం మారవచ్చు, అలవాటు మారదు.

ఇది ఐ.టి.ఐ.ల పని, మనవంటి కళాశాలకు తగదు అన్నది రెండవది. దానికి మా సమాధానం కొంచెం కటువుగా ఉండవచ్చు, మన్నించగలరు. ఉత్తీర్ణుల శాతం చూచి మనము తృప్తి పడుతున్నాము. ఎవరూ ఫిర్యాదు చేయలేదని సంతోషిస్తున్నాము. మా చాచాగారి ఇంజను కూడా ఫిర్యాదు చేయలేదు. తనిఖీకి అధికారులు వస్తున్నారని తెలియగానే ఏ విద్యాలయంలోనైనా గోడలకు సున్నం వేస్తారు, రిజిస్టర్లు సరిచేస్తారు. అది హెడ్డు దించగానే పేస్టు పూసి రుద్దడం వంటిదే. తనిఖీ ముగిసేసరికి అన్నీ మెరుస్తాయి. ఎక్కడ అరిగిందో ఎవరికీ తెలియదు. ఈ మాటలో మమ్ములను మేము మినహాయించుకొనడం లేదు. విద్యార్థి వ్రాసిన జవాబు పత్రానికి అంకె వేసి కట్ట కట్టి అటక మీద పెట్టే ఉపాధ్యాయులలో మేమూ ఉన్నాము. ముప్పది అయిదు మార్కులు వచ్చిన ఇద్దరు విద్యార్థులలో ఒకరికి భాష రాదు, మరొకరికి భయం వదలదు. అంకె ఒక్కటే, జబ్బు వేరు. విప్పి చూచినవారు ఎవరు?

విమర్శించి ఊరకుండడం మా ఉద్దేశం కాదు. కళాశాల కమిటీ పెద్దల ముందు మూడు విన్నపాలు ఉంచుతున్నాము. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

మొదటిది, పనికిరాదని అమ్మివేసే పాత డీజిల్ ఇంజను ఒకటి, మైక్రోమీటరు ఒకటి, ఫీలరు గేజి ఒకటి, డయల్ గేజి ఒకటి కొని, ఒక గదిలో పెట్టించండి. ప్రతి ఏటా ఆసక్తి గల విద్యార్థులు దానిని విప్పి, వాల్వులు కొలిచి, ఒక పుస్తకంలో తేదీ వేసి వ్రాయాలి. కొంతకాలం నడిపి మళ్ళీ విప్పి, అదే పుటకు ఎదుటి పుటలో రెండవ కొలత వ్రాయాలి. ఆ పుస్తకం ఏ తరగతితోను ముగియకూడదు. ఒక తరం వ్రాసినది తరువాతి తరం చదవాలి.

రెండవది, మన పట్టణపు ఉస్తాదులను ఏడాదికి కొన్ని దినాలైనా అతిథి ఉపాధ్యాయులుగా ఆహ్వానించండి. వారికి కుర్చీ వేయండి, గౌరవ వేతనం ఇవ్వండి, విద్యార్థులు లేచి నిలబడి సలాము చేయాలి. తండ్రి వచ్చి తరగతిలో పాఠం చెప్పిననాడు ఏ పిల్లవాడూ చేతులు డెస్కు క్రింద దాచుకోడు.

మూడవది మా శాఖలకు సంబంధించినది. ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు కలిసి షెడ్లలో వాడే మాటలను సేకరించి, అర్థాలతో ఒక చిన్న పదకోశం తయారుచేయాలి. ఔజారు పేర్లు ఒక భాషలోవి, పనుల పేర్లు మరొక భాషలోవి, భాగాల పేర్లు ఇంగ్లీషువి కలిసి అక్కడ ఒక కొత్త నుడికారమే పుట్టి ఉన్నది. పదకోశానికి కావలసిన చోటు వచ్చే ఏటి పత్రికలో ఇవ్వగలిగితే, మేము స్వయంగా విద్యార్థులతో షెడ్డుషెడ్డుకూ తిరగడానికి సిద్ధంగా ఉన్నాము.

విద్యార్థులకు ఒక్క మాట. మీరు రేపు ఏ వృత్తిలో ప్రవేశించినా, మీ ఎదుటకు నడుస్తున్న యంత్రాలు వస్తాయి. నడుస్తున్న ఆఫీసులు, నడుస్తున్న సంసారాలు వస్తాయి. నడుస్తున్నది కదా అని ప్రక్కకు తప్పుకొనకండి. ఒకనాడు ఎంత ఉండినదో, నేడు ఎంత మిగిలినదో అడగండి. మీ విషయంలో కూడా అంతే. సంవత్సరారంభంలో మీకు ఏమి వచ్చునో నిజాయితీగా వ్రాసి పెట్టుకొనండి. సంవత్సరాంతాన మళ్ళీ చూచుకొనండి. అరుగుదల కనబడితే సిగ్గుపడవలసినది లేదు. పని చేసిన లోహమే అరుగుతుంది. అలమరలో పెట్టిన లోహానికి త్రుప్పు పడుతుంది. సిగ్గుపడవలసినది చూడకుండా ఉన్నందుకు మాత్రమే.

మా చాచాగారి పొలంలో ఆ ఏడాది నాట్లు ఆలస్యమై పంట సగానికి సగం పోయింది. ఆ కాలిన వాల్వును ఆయన పారవేయలేదు. చాలా కాలం ఇంటి గూటిలో ఉంచి, ఇంజను ఎప్పుడు కొత్తగా నిశ్శబ్దమైనట్లు తోచినా దానివంక ఒకసారి చూచి, ఉస్తాదుకు కబురు పంపేవారు. ఇప్పుడు ఆ వాల్వు మా వద్ద ఉన్నది. కమిటీవారు ఆ గదిని ఏర్పాటు చేసిననాడు, మొదటి బల్ల మీద ఉంచడానికి దానిని తెచ్చి ఇస్తాము.